ఈకల చాటు గాయం: దెబ్బ తిన్న కోడికి వైద్యం, ఈకల శుభ్రం

ముంగిస నోట్లోంచి తప్పించుకొచ్చిన పెట్ట గూట్లో ఓ మూల ముడుచుకుని నిలబడుతుంది. పైకి చూస్తే నాలుగు ఈకలు ఊడాయి, అంతే. బతికిపోయిందిలే అని వదిలేస్తాం. మూడో నాటికి వాసన, నాలుగో నాటికి పురుగులు. కోడి చర్మం కాగితమంత పల్చన. దాని మీద ఈకలు పెంకుల్లా ఒకదానిపై ఒకటి పరుచుకుని ఉంటాయి కాబట్టి, పంటి గాటు ఎంత లోతున్నా పైకి తెలియదు. అందుకే గాయాల వైద్యాన్నీ ఈకల శుభ్రాన్నీ విడదీసి చెప్పడం కుదరదు. రెట్ట అంటుకున్న ఈకల దగ్గరికే ఈగ ముందు చేరుతుంది. అక్కడ చిన్న గీత ఉన్నా దానికి చాలు.

పట్టుకోవడం దగ్గరే సగం తప్పులు

కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయడం మనకు అలవాటు. దెబ్బ తిన్న కోడిని మాత్రం అలా పట్టుకోకూడదు. కోడికి మనలాగా పొట్టకూ ఛాతీకీ మధ్య పొర లేదు. రొమ్ము ఎముక కిందికీ పైకీ కదిలితేనే దానికి గాలి ఆడుతుంది. తలకిందులు చేసినా, రొమ్మును గట్టిగా అదిమినా ఊపిరి అందదు. మేత సంచిలో నీళ్లుంటే అవి గొంతులోకి వచ్చి గాలిగొట్టంలో దిగే ప్రమాదమూ ఉంది.

తరమకండి. వీలైతే చీకటి పడ్డాక, లేదా దాని మీద ఓ తువ్వాలు కప్పి, రెండు చేతులతో రెక్కలు ఒంటికి ఆనించి ఎత్తండి. తువ్వాలును తల మీదికి కూడా కొంచెం లాగితే వెలుతురు తగలక నిమ్మళిస్తుంది. రొమ్ము మీద బిగించి చుట్టకండి.

ముందు చూడాల్సింది రక్తం. 2 కిలోల పెట్ట ఒంట్లో ఉండే రక్తమంతా కలిపినా 120 నుంచి 160 మిల్లీలీటర్లే, అంటే ఓ గ్లాసు టీ అంత. గూడంతా రక్తం చిమ్మి ఉంటే తేలిగ్గా తీసుకోవద్దు. తర్వాత తురాయి రంగు చూడండి. పాలిపోయి, కాళ్లు చల్లబడి, కళ్లు మూస్తూ ఉంటే అది బెదురులో (షాక్‌లో) ఉంది. అలాంటప్పుడు రక్తం ఆపడం తప్ప మరే పనీ చేయకండి. కడగడం, కట్టడం రెండు గంటల తర్వాత. చాలామంది వరస తిరగేసి, వణుకుతున్న కోడిని ముందు కుళాయి కింద పెట్టి కడుగుతారు.

రక్తం ఆపడం

శుభ్రమైన నూలు గుడ్డను మడిచి గాయం మీద పెట్టి 5 నిమిషాలు నొక్కి ఉంచండి. గడియారం చూసి 5 నిమిషాలు. మధ్యలో ఎత్తి చూస్తే కట్టుకున్న గడ్డ ఊడి మళ్లీ మొదటికొస్తుంది. గోరు విరిగినా, ముక్కు కొన చిట్లినా పటిక పొడి అద్దితే ఆగుతుంది. పటిక లేకపోతే మొక్కజొన్న పిండి. ఈ రెండూ గోరు, ముక్కు లాంటి గట్టి చోట్లకే. తెరుచుకున్న కండలో పొడులు కూరకండి.

కొత్తగా వస్తున్న ఈక మొదట్లో నీలంగా, లోపల రక్తంతో ఉంటుంది. అది విరిగితే గాయం లేకుండానే ధారగా కారుతుంది. ముందు నొక్కి చూడండి. 10 నిమిషాలకూ ఆగకపోతే చర్మాన్ని ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, ఈకను మొదట్లో పట్టకారుతో అందుకుని, అది పెరిగిన వైపుకే ఒక్క లాగులో తీసి, ఆ రంధ్రాన్ని నొక్కి పట్టండి.

కడగడం

లీటరు నీళ్లు మరగకాచి చల్లార్చి, ఒకటిన్నర చిన్న చెంచాల ఉప్పు, అంటే సుమారు 9 గ్రాములు కలపండి. 20 మిల్లీలీటర్ల సిరంజికి సూది తీసేసి, ఆ ఉప్పునీటిని ధారగా కొడితే మట్టి, ఈక ముక్కలు, ఎండిన రక్తం కొట్టుకుపోతాయి. వీపు మీదో డొక్క మీదో లోతైన రంధ్రం ఉంటే మాత్రం లోపలికి ధార కొట్టవద్దు. కోడి గాలి సంచులు ఒళ్లంతా వ్యాపించి ఉంటాయి. ఆ రంధ్రం గాలి సంచిలోకి తెరుచుకుని ఉంటే మీరు కొట్టిన నీళ్లు నేరుగా ఊపిరి దారిలోకే పోతాయి. అలాంటి చోట తడిపిన గుడ్డతో అంచులు తుడిచి ఊరుకోండి. గాయం దగ్గర చర్మం బుడగలా ఉబ్బి, నొక్కితే చిటచిటమంటే గాలి సంచి చిల్లు పడిందని అర్థం. అది డాక్టరు పని.

గాయం చుట్టూ ఈకలు పీకకండి. పల్చటి చర్మం ఈకతోపాటే చిరుగుతుంది. కత్తెరతో సెంటీమీటరు వదిలి కత్తిరించండి. కత్తిరించిన ఈక మళ్లీ ఈకలు రాల్చే కాలం దాకా పెరగదు, ఊడిన ఈక మాత్రం వెంటనే మొలవడం మొదలుపెడుతుంది. అందుకని అవసరమైన మేరకే కత్తెర వేయండి.

కడిగాక పోవిడోన్ అయోడిన్. మందుల షాపులో దొరికే ముదురు రంగు ద్రావణాన్ని పాలు పోయని పల్చటి టీ రంగుకు వచ్చేదాకా నీళ్లతో పల్చన చేసి, దూదితో అద్దండి. చిక్కగా పోస్తే కొత్తగా పెరిగే కండ కూడా మాడుతుంది. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వద్దనేది కూడా ఇందుకే.

ఇక మన ఇళ్లలో వాడేవి. గీతల మీద పసుపు పూస్తే నష్టం లేదు, పైగా ఎర్రదనం కప్పేస్తుంది. లోతైన గాటులో ముద్దగా కూరితే అది పెచ్చులా గట్టిపడి లోపల చీమును మూసేస్తుంది. కిరసనాయిలు, టర్పెంటైన్ నూనె పశువుల పుండ్లకు వాడుతుంటారు. కోడి చర్మం దాన్ని పీల్చుకుంటుంది కాబట్టి చుక్క కూడా వేయకండి. తేనె మంచిదే, కానీ చీమల మాటేమిటి? పైన గుడ్డ కట్టే వీలుంటేనే పూయండి. నొప్పి తగ్గించే మందు కలిసిన పూతలు, పేరు చివర 'కెయిన్' అని ఉండేవి, పక్షులకు పడవు. మనకోసం తెచ్చుకున్న నొప్పి మాత్రలు కూడా పెట్టకండి. నొప్పి మందైన డైక్లోఫెనాక్‌ను మన దేశంలో పశువైద్యంలో 2006లో నిషేధించారు. రాబందులు కనుమరుగవడానికి ఆ మందే ప్రధాన కారణం.

పిల్లి కరిచిందంటే రంధ్రం సూది మొనంత ఉన్నా ఆ రోజే డాక్టరుకు చూపించండి. పిల్లి నోట్లో ఉండే సూక్ష్మజీవి కోడి రక్తంలో చాలా వేగంగా పెరుగుతుంది. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం గురించి చెబుతారు. యాంటీబయాటిక్ ఇస్తే, ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో, ఎన్నాళ్లు కోయకూడదో అప్పుడే అడిగి గోడ మీద రాసిపెట్టుకోండి. పేగు బయటికి వస్తే లోపలికి తోయకండి. ఉప్పునీటిలో తడిపిన గుడ్డ కప్పి తీసుకెళ్లండి.

ఆకుపచ్చ చూసి బెదరకండి

దెబ్బ తగిలిన రెండో మూడో రోజున చర్మం కింద ఆకుపచ్చ రంగు తేలుతుంది. కుళ్లిపోయిందని చాలామంది ఆశ వదులుకుంటారు. కోడికి కమిలిన చోటు మనలా నీలం, పసుపు కాదు, ఆకుపచ్చే అవుతుంది. చెడిన రక్తం ఆ రంగు దగ్గరే ఆగుతుంది. వాసన లేకుండా, చర్మం మెత్తగా ఉంటే అది మామూలు కమురే. కుళ్లయితే నల్లబడి, చల్లగా, తడిగా, కంపు కొడుతుంది.

చీము విషయంలో కూడా కోడి వేరు. దాని చీము కారదు, జున్నులా గట్టిగా ముద్దకడుతుంది. కారడం లేదు కదా మానిపోయిందని అనుకోవద్దు. చర్మం కింద గట్టి గడ్డ చేతికి తగిలితే లోపల అదే ఉంటుంది. మందులు ఆ ముద్దలోకి ఎక్కవు, తీయాల్సిందే. అరికాలి కింద నల్ల పెచ్చుతో వచ్చే ఆనె కూడా ఇలాంటిదే. మొదట్లో పట్టుకుంటే గోరువెచ్చని ఉప్పునీటిలో రోజూ 10–15 నిమిషాలు నానబెట్టి, అయోడిన్ రాసి, మెత్తటి గుడ్డ చుడితే చాలావరకు తగ్గుతుంది. కారణం మాత్రం గూట్లోనే ఉంటుంది. ఎత్తైన దండెం మీది నుంచి గట్టి నేల మీదికి దూకడం, పదునైన అంచులున్న కర్రలు. దండేన్ని అర మీటరు ఎత్తుకు దించి, 5 సెంటీమీటర్ల మందమున్న గుండ్రటి కర్ర పెట్టండి.

ఈగ వాలకుండా

వేసవిలో, వానాకాలంలో ఈగ పెట్టిన గుడ్డు ఒక్క రోజులోనే పురుగవుతుంది. బియ్యపు నూకల్లాంటి తెల్లటి గుత్తి ఈకల మొదట్లో కనపడితే అవి ఈగ గుడ్లే. వెంటనే ఆ ఈకలు కత్తిరించి పారేయండి. పురుగు పట్టాక పని రెట్టింపు. ఉప్పునీటి ధార కొడుతూ, పట్టకారుతో ఒక్కోదాన్నీ ఏరండి. అరగంట ఆగి మళ్లీ చూడండి. లోపలికి దూరినవి అప్పుడు పైకి వస్తాయి. రోజుకు రెండు పూటలా చూడాలి. పశువుల మందుల షాపులో ఈగలు వాలకుండా కొట్టే మూలికల స్ప్రేలు దొరుకుతాయి. గాయం చుట్టూ కొట్టండి, కళ్లకూ ముక్కుకూ తగలనివ్వకండి. మొదటి మూడు రోజులు కోడిని దోమతెర కింద ఉంచగలిగితే ఇంతకు మించిన మందు లేదు.

విడిగా ఉంచడం

ఎర్రగా కనిపిస్తే మిగతా కోళ్లు పొడుస్తాయి. అందులో కక్ష ఏమీ లేదు, కోడి స్వభావమే అంత. పొడిచి పొడిచి రూపాయి బిళ్లంత గాయాన్ని అరచేయంత చేస్తాయి. కాబట్టి విడదీయడం ఆలస్యం కాకూడదు. పగటి పూట వెదురు గంప కమ్మితే చాలు, గాలి ఆడుతుంది, తోటి కోళ్లు కళ్లకు కనబడుతూ ఉంటాయి. ఇలా కనబడటం ముఖ్యం. పది రోజులు కనుమరుగైన కోడిని మందలో వదిలితే కొత్త కోడిని చూసినట్టే తరుముతాయి. రాత్రికి మాత్రం గంపను నమ్మకండి. ముంగిసకూ అడవిపిల్లికీ అది అడ్డు కాదు. అట్టపెట్టెకు పక్కల రంధ్రాలు చేసి ఇంట్లో పెట్టుకోండి. కింద కాగితం, దాని మీద పాత నూలు గుడ్డ. పొట్టు వేస్తే గాయానికి అంటుకుంటుంది. డిసెంబరు చలికి పెట్టె ఒక మూల పైన 40 వాట్ల బల్బు వేలాడదీసి, రెండో మూల చల్లగా వదలండి, తనకు కావలసిన చోటికి అదే జరుగుతుంది. మే నెలలో బల్బు కాదు, నీడ కావాలి.

మేత కన్నా ముందు నీళ్లు. లీటరు నీటికి 6 చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి మొదటి రోజంతా ఉంచండి. తాగకపోతే నోరు తెరిచి పోయకండి. గాలిగొట్టం రంధ్రం నాలుక వెనకే ఉంటుంది. ముక్కు పక్కన ఒక్కో చుక్క అద్దితే తనంతట తానే మింగుతుంది. రెండో రోజు నుంచి తడిపిన దాణా, చిదిమిన ఉడకబెట్టిన గుడ్డు. ఈకలో దాదాపు అంతా మాంసకృత్తే. వట్టి నూకలు, తవుడు పెడితే గాయం మానినా ఈకలు రావు.

తిరిగి మందలో కలిపేటప్పుడు ఐదారు రోజులు మధ్యలో జాలీ పెట్టి పక్కపక్కనే ఉంచి, తర్వాత ఓ రాత్రి దండెం మీదికి చేర్చండి. గాయం పూర్తిగా ఎండి, చర్మం కప్పుకోకముందు కలపవద్దు.

మెడ వంకర తిరిగితే దెబ్బ అనుకోవద్దు. అది కొక్కెర రోగం (రాణిఖేత్) తర్వాత కూడా వస్తుంది. తురాయి మీద నల్ల పెచ్చులు కూడా అన్నీ పొడిచినవి కావు, కోళ్ల మశూచి కావచ్చు. ఒకేసారి అనేక కోళ్లు చనిపోతుంటే ఏదీ ముట్టుకోకుండా పశువైద్యశాలకు చెప్పండి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది.

కాలు, రెక్క

ఈకలు లేని కింది కాలు విరిగితేనే ఇంట్లో కట్టు కట్టండి. దూది చుట్టి, రెండు పక్కలా సన్నటి వెదురు బద్దలు పెట్టి (పిల్లలకైతే ఐస్‌క్రీమ్ పుల్ల), కాగితపు టేపుతో చుట్టండి. వేళ్లు బయటికి కనిపించాలి. పూటపూటకూ వాటిని ముట్టుకుని చూడండి. వాచినా, చల్లబడినా కట్టు బిగుసుకుందని. మూడు వారాలకు ఎముక అతుకుతుంది. తొడ విరిగితే కట్టు నిలవదు. చిన్న పెట్టెలో కదలకుండా ఉంచి డాక్టరుకు చూపించండి. విరిగిన రెక్కను మామూలుగా ముడిచే తీరులోనే ముడిచి ఒంటికి చుట్టి, చుట్టు కింద ఒక వేలు దూరేంత సందు వదలండి. రెండు వారాలు దాటనివ్వకండి, కీలు పట్టేస్తుంది.

ఈకలు ఎందుకు మురికవుతాయి

ఆరోగ్యంగా ఉన్న కోడికి మనం స్నానం చేయించే పని లేదు. అది మట్టిలో పొర్లుతుంది. మట్టి పాత నూనెను, చెమ్మను పీల్చి, పేలకు ఊపిరాడకుండా చేస్తుంది. దులుపుకున్నాక తోక మొదట్లో ఉన్న నూనె గ్రంథిని ముక్కుతో నొక్కి ఈక ఈకకూ రాసుకుంటుంది. మనం చూడాల్సిందల్లా పొర్లడానికి పొడి చోటు ఉందా లేదా అని. వానాకాలం రెండు నెలలు అది ఉండదు, అప్పుడే పేలు పెరుగుతాయి. చూరు కింద పాత లారీ టైరు పెట్టి, రెండు పాళ్లు జల్లించిన ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు పొయ్యి బూడిద కలిపి 20 సెంటీమీటర్ల లోతు నింపండి. కట్టెల బూడిదే కావాలి, ప్లాస్టిక్ కాల్చిన పొయ్యిది వద్దు. బూడిద తడిస్తే క్షారమై చర్మాన్ని కాలుస్తుంది కనుక జల్లు పడకుండా చూడండి.

పదిహేను రోజులకోసారి ఎండలో నిలబడి, మలద్వారం కింది ఈకలు ఊది విడదీయండి. గడ్డి రంగులో పరుగెత్తేవి పేలు. ఈక మొదట్లో ఉప్పు అంటుకున్నట్టు తెల్లటి ముద్ద ఉంటే గుడ్లు. డాక్టరు చెప్పిన పొడిని చల్లి, పది రోజులకు మళ్లీ చల్లాలి. మొదటి విడత గుడ్లను చంపదు. రెండో విడత మానేసి మందు పనిచేయలేదనేవారే ఎక్కువ. పొలానికి కొట్టే మందులు, పాతకాలపు గమాక్సిన్ పొడి దగ్గరికి రానివ్వకండి.

పగలు పేలు కనపడకుండా కోళ్లు పాలిపోతుంటే రాత్రి తెల్లగుడ్డతో దండెం అడుగున తుడిచి చూడండి. ఎర్రటి గీతలు పడితే అవి రక్తం తాగిన సన్న పురుగులు (మైట్లు). మందు కోడికి కాదు, గూటికి. సందుల్లో మరిగే నీళ్లు పోసి, ఆరాక సున్నం కొట్టండి. నీళ్లు పోసేటప్పుడు కోళ్లు గూట్లో లేకుండా చూసుకోండి.

గూటి నేల మీద వేసే పరుపు సంగతి. వరిపొట్టు 5–8 సెంటీమీటర్ల మందం వేసి వారానికి రెండుసార్లు తిరగేయండి. పిడికెడు తీసి పిసికి వదలండి. ఉండలా నిలిస్తే తడి ఎక్కువ, పొడిపొడిగా రాలితే సరి. తడి ఉంటే ఆ ముద్దలు ఎత్తేసి, 10 చదరపు మీటర్లకు కిలో చొప్పున పొడి సున్నం కలిపి తిరగేయండి. నీళ్ల తొట్టి అంచు కోడి వీపు ఎత్తులో ఉంటే ఒలకడం తగ్గుతుంది.

ఒక్క కోడికే వెనక ఈకలు పదే పదే రెట్టతో అట్టకడుతుంటే పరుపు తప్పు కాదు. నులిపురుగులు, పారుడు, గుడ్డు దారిలో జబ్బు, వీటిలో ఏదో ఉంది. పుంజు ఎక్కి ఎక్కి వీపు బోడి అయితే పుంజుల లెక్క చూడండి, ఒకదానికి ఎనిమిది పది పెట్టలు ఉండాలి. ఏడాదిన్నర వయసు దాటిన పెట్ట అంతా రాల్చేస్తే, ముళ్లలా కొత్త ఈకలు కనిపిస్తుంటే అది ఏటేటా రాల్చే కాలమే. మందు అక్కర్లేదు.

నీళ్లతో కడగక తప్పకపోతే

ఎండ ఉన్న రోజు ఉదయం పది గంటలకు మొదలుపెట్టండి, సాయంత్రం వద్దు. మొత్తం కోడిని ముంచే ముందు వెనక భాగమొక్కటే కడిగితే సరిపోతుందేమో చూడండి, సాధారణంగా సరిపోతుంది. రెండు తొట్లలో గోరువెచ్చని నీళ్లు, 38–40 డిగ్రీలు. కోడి ఒంటి వేడి 41 ఉంటుంది కాబట్టి మనకు కొంచెం వెచ్చగా అనిపించేదే దానికి సరి. మొదటి దానిలో 5 లీటర్లకు ఒక చిన్న చెంచా పిల్లల షాంపూ. పల్చటి కుంకుడు రసం కూడా పనికొస్తుంది, కంట్లో పడితే మాత్రం మంట. బట్టల సబ్బు, సర్ఫు వద్దు, ఈకల నూనె మొత్తం పోతుంది.

రొమ్ము కింద చెయ్యి పెట్టి మెడ దాకా దించండి. వెచ్చదనానికి కోడి కళ్లు మూసి జోగుతుంది. అప్పుడు తల నీళ్లలో వాలకుండా పట్టుకోవాలి. అట్టకట్టిన రెట్టను లాగకండి, 5 నిమిషాలు నాననిచ్చి వేళ్లతో నలిపితే కరిగిపోతుంది. చేయి ఎప్పుడూ ఈక వాలున, తల నుంచి తోక వైపుకే పోవాలి. ఎదురు రుద్దితే ఈక పోగులు విడిపోతాయి. రెండో తొట్లో నురుగు పోయేదాకా కడగండి.

రోజుల పిల్లకు మలద్వారం మూసుకుపోతే ముంచడం అనవసరం, వెచ్చటి తడి దూది పెట్టి మెత్తబరిచి తుడవండి. పొట్ట మీద ఎండిన బొడ్డు పెచ్చును రెట్ట అనుకుని పీకేస్తారు, అది కాదు. మలద్వారం దానికన్నా వెనక, తోక కింద ఉంటుంది.

తువ్వాలుతో అద్ది, గాలి తగలని ఎండలో ఉంచండి. డ్రయ్యర్ ఉంటే తక్కువ వేడిలో అడుగు దూరం నుంచి. పై ఈకలు ఆరినా లోపలి నూగు తడిగానే ఉంటుంది. రెక్క కింద వేళ్లు దూర్చి, వెచ్చగా పొడిగా తగిలాకే గూట్లోకి పంపండి. కోడిని కడిగిన తొట్టిని వంటగదికి దూరంగా ఉంచి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

నాలుగైదు రోజులకు వీపు మీద నాలుగు నీటి చుక్కలు చల్లి చూడండి. జారిపోతే ఈకలకు నూనె తిరిగి పట్టినట్టే. ఇంకిపోతే మరో రెండు మూడు రోజులు వానలో తిరగనివ్వకండి.